దిగే చేప

మగోహెయి చొక్కా విప్పి చాప మీద బోర్లా పడుకున్నాడు.

"చూడమ్మాయ్. చూసి నాకు మతి పోలేదని చెప్పు. పోయిందంటే పోయిందనే చెప్పు. ఏదో ఒకటి తేలాలి నాకు."

షిగె వెంటనే చూడలేదు. కాగితం తలుపు పక్కకు జరిపి మధ్యాహ్నపు వెలుతురు లోపలికి రానిచ్చింది. ఆగస్టు నెల చివరి రోజులు. వాకిట్లోని కాలువ మీంచి తడిసిన దేవదారు దుంగల వాసన గదిలోకి వచ్చింది. చేతులు తుడుచుకుని అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అప్పుడు చూసింది.

ఆమెకు నలభై అయిదేళ్లు. ఫుకగావా కలపవాడ మొత్తానికి పచ్చబొట్లు పొడిచే ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆ పని ఆమె తండ్రి యసోజిది. కళ్లకు శుక్లాలు కమ్మి ఆయనకు చూపు పోయాక, కొడుకులు లేని ఇంట్లో కూతురే సూదులు అందుకుంది. కాలువల్లో దుంగల మీద నిలబడి, గడకర్రతో వాటిని తోలుకుపోయే మొరటు మనుషులు ఒక ఆడదాని ముందు బట్టలు విప్పడానికి మొదట్లో సిగ్గుపడ్డారు. ఆమె చెయ్యి తండ్రి చెయ్యి కన్నా తేలికని తెలిశాక సిగ్గు మానేశారు.

మగోహెయి వీపు ఆమెకు కంఠతా వచ్చు. తండ్రి చేసిన పనుల్లో దాన్ని మించినది లేదు. యుద్ధానికి ముందు, పచ్చబొట్టు పొడిస్తే జైల్లో వేసే రోజుల్లో, తలుపులు బిగించుకుని ఏడాది పాటు చేసిన పని. మెడ దిగువ నుంచి నడుము దాకా జలపాతం. ఆ నీటికి ఎదురెక్కుతూ ముంజేయంత పొడుగు చేప. దాని చుట్టూ ఎర్రటి మేపుల్ ఆకులు. ఆకులు రాలే కాలం కాబట్టి అంచుల్లో వసంతం పువ్వు ఒక్కటి కూడా ఉండదు. ఋతువులు కలిపితే బొమ్మ అబద్ధమాడుతుందని యసోజి అనేవాడు. భుజాల దగ్గర, పక్కటెముకల దగ్గర నల్లటి గాలి చారలు బొమ్మను చర్మంలోకి దించుతూ పోతాయి. చిన్నప్పుడు షిగె ఆ చేప పొలుసులు చూసి గీస్తూనే పొలుసు వేయడం నేర్చుకుంది.

ఆ చేప తల మెడ వైపు ఉండాలి. ఇప్పుడు కుడి భుజం వైపు తిరిగి ఉంది. ఒళ్లంతా విల్లులా వంగింది.

షిగె వంగి దగ్గరగా చూసింది.

"ఎప్పట్నుంచి బాబాయ్?"

"నాకేం తెలుసు, వీపు నాదైనా చూసేది ఊళ్లోవాళ్లు. వానల్లో ఒకరోజు స్నానశాలలో మా దుంగలవాడు గోంజిగాడు అన్నాడు, 'ఏం పెద్దాయనా, నీ చేప అలిసిపోయినట్టుంది, ఇంటికి పోదామని చూస్తోంది' అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి రెండు అద్దాలు పెట్టుకుని చూస్తే నవ్వు రాలేదు."

"వయసు మీద పడితే చర్మం జారుతుంది. పొట్ట మీద పులి పొడిపించుకున్నవాడికి ముసలితనంలో పిల్లి మిగులుతుంది. ఇదీ అంతే అయ్యుంటుంది."

"చర్మం కిందికి జారుతుంది. పక్కకు తిరుగుతుందా?"

షిగె లేచింది. పల్చటి కాగితం తెచ్చి అతని వీపు మీద పరిచి, చేప గీత మీదుగా పెన్సిలు నడిపింది. తల ఎక్కడుంది, తోక ఎక్కడుంది, ఆకులు ఎన్ని, ఎక్కడెక్కడ ఉన్నాయి, అన్నీ ఎక్కించుకుంది. వారం తర్వాత రమ్మంది.

వారం తర్వాత అదే కాగితాన్ని అదే వీపు మీద పరిచింది. నీళ్లు కలిశాయి. గాలి చారలు కలిశాయి. చేప కలవలేదు. తల మూడు వేళ్ల మందం కిందికి దిగింది. భుజం మీద ఉండాల్సిన రెండు ఆకులు నడుము దగ్గర తేలుతున్నాయి, ప్రవాహం తీసుకుపోయినట్టు.

అంతకన్నా ఆమెను భయపెట్టింది ఇంకొకటి ఉంది. చేప అటు తిరిగేసరికి దాని రెండో పక్క కనపడుతోంది. తండ్రి ఎప్పుడూ గీయని పక్క. పొలుసులు ఉన్నాయి, రెక్క ఉంది, మూతి దగ్గర మీసం ఉంది. కన్ను లేదు. కన్ను ఉండాల్సిన చోట ఉత్త చర్మం, గుండ్రంగా, నాణెమంత.

"ఏమైంది? మాట్లాడవేం?" అన్నాడు మగోహెయి చాపలోకి.

"కొంచెం దిగింది."

అతను మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, నీళ్లలో తిరిగే దుంగ మీద ఒంటికాలి మీద నిలబడగల మనిషి, వీపు మీది కండరాలు వణుకుతుంటే అలాగే పడుకున్నాడు. ఆ వణుకుకి చేప రెక్క కదిలింది. వణుకు వల్లనే కదిలిందని షిగె తనకు తాను చెప్పుకుంది.

"ఒక బండ పొడువు," అన్నాడతను కాసేపటికి. "దాని మూతికి అడ్డంగా. పెద్ద నల్ల బండ. దిగడానికి దారి లేకుండా."

"అలా పొడవకూడదు బాబాయ్. ముందు నీరు గీసుకుని, నీటిని బట్టి బండ పెట్టాలి. నాన్న గీసిన నీటిలో నేను అడ్డంగా బండ వేస్తే నీరెటు పోతుంది?"

"నీరెటు పోతే నాకెందుకమ్మా. చేపని ఆపు."

ఆమెకు ఇష్టం లేదు. కానీ అతను లేచి వెళ్తాడేమోనని చూస్తే వెళ్లలేదు. సాయంత్రం దాకా అలాగే పడుకుని ఉన్నాడు, వైద్యుడు మందు ఇచ్చేదాకా కదలని రోగిలా. చివరికి షిగె మసి నూరింది. వెదురు పిడికి సూదుల కట్ట బిగించింది. ఎడమచేతి బొటనవేలు మీద పిడి ఆనించి, చర్మాన్ని సాగదీసి పట్టుకుని పొడవడం మొదలుపెట్టింది. మూడు దఫాలుగా, రెండేసి రోజులు ఎడం ఇచ్చి, నడుముకి పైన నల్లటి బండ ఒకటి నింపింది. మంచి పని. అంచుల్లో నలుపు పల్చబడి బూడిద రంగులోకి దిగింది. ఎవరు చూసినా మెచ్చుకునే బండ.

నాలుగోసారి మగోహెయి వచ్చినప్పుడు బండ ఎక్కడిదక్కడే ఉంది. నీరు దాన్ని కొట్టుకుని రెండుగా చీలి, చెరో పక్క నుంచి జారుతోంది. చీలిన చోట అలల కొసలు వేళ్లలా వంగి నురగను పట్టుకుంటున్నాయి. షిగె అలలు అలా గీయలేదు. అసలు ఆ అలలు ఆమె గీయనే లేదు. ఆ కొసలు తండ్రి చేతివి. పదేళ్లుగా సూది పట్టని చేతివి.

చేప బండకు ఎడమ పక్క నుంచి దిగుతోంది. ఇప్పుడు తల పూర్తిగా కిందికి ఉంది.

షిగె మెల్లగా లేచి పక్క గదిలోకి వెళ్లింది. యసోజి గోడకు ఆనుకుని బార్లీ టీ తాగుతున్నాడు. డెబ్భై తొమ్మిదేళ్లు. ఆమె నోరు విప్పకముందే అడిగాడు.

"మగోహెయి ఇన్నిసార్లు ఎందుకొస్తున్నాడు? సూది చప్పుడు వినపడుతోంది. మూలుగు వినపడటం లేదు. సూది దిగేటప్పుడు మూలగని మనిషి వేరే ఏదో నొప్పి మోస్తుంటాడు."

"నాన్నా, ఒకసారి వచ్చి అతని వీపు తాకు."

ఆయన కూతురి భుజం పట్టుకుని వచ్చాడు. మగోహెయి పడుకునే ఉండి తల వంచి నమస్కారం చెప్పాడు.  తుఫాను గాలి వచ్చే రోజుల్లో పాత పచ్చబొట్టు గీతలు కొంచెం ఉబ్బుతాయి. ఆ మధ్యాహ్నం దక్షిణం నుంచి గాలి బరువుగా వీస్తోంది. ముసలాయన వేళ్లు మెడ దగ్గర మొదలై నీటి వెంట కిందికి నడిచాయి. బండ దగ్గర ఆగాయి.

"ఇది నీది," అన్నాడు కూతురితో. "బాగుంది." ఇంకా కిందికి వెళ్లాయి. "ఇది నాది. కానీ ఇక్కడ నేను గీయలేదు."

తోక దగ్గరకు వచ్చేసరికి ఆయన చూపుడువేలు ఒకచోట నిలిచిపోయింది. మళ్లీ వెనక్కి వెళ్లి అదే చోటికి వచ్చింది. తోక రెక్క అంచున గేలంలా వంగిన చిన్న గీత. పొరపాటున పడిన గీత.

"మగోహెయి, నీ చేపకి ఈ కొక్కెం లేదు."

"లేదు మేస్త్రి గారూ."

"ఎవరి చేపకుందో నీకు తెలుసు."

 యసోజి చెయ్యి తీయకుండానే షిగె వైపు తిరిగాడు.

"అప్పుడు నువ్వు చిన్నదానివి, నీకు సరిగా గుర్తుండదు. వీడికి కుమాజో అని తమ్ముడుండేవాడు. ఇద్దరూ కలిసే వచ్చారు. జంట చేపలు కావాలన్నారు. ఎక్కే చేప ఇంకా సాధించాల్సింది ఉన్నవాడికి. దిగే చేప, తన పని అయిందనిపించుకుని ఇంటిదారి పట్టినవాడికి. వయసులో ఉన్నవాడెవడూ దిగేది అడగడు. కుమాజో అడిగాడు. 'అన్న ఎక్కనీండి, నేను దిగుతాను, దారిలో ఎక్కడో కలుస్తాం' అని నవ్వాడు. వీడిది ముందు పూర్తయింది. వాడికి గీత మాత్రం వేశాను. రంగు నింపలేదు. కన్ను పెట్టలేదు. కన్ను ఎప్పుడూ ఆఖరుకే. తోక గీస్తుంటే వాకిట్లోంచి ఎవరో వాడిని పిలిచారు. గిరుక్కున తిరిగాడు. సూది జారి ఈ కొక్కెం పడింది. మళ్లీ వచ్చినప్పుడు సరిచేస్తానన్నాను. వాడు మళ్లీ రాలేదు."

కుమాజో కథ షిగెకి కూడా కొంత తెలుసు. ఫుకగావాలో అందరికీ తెలుసు. ముప్ఫై నాలుగేళ్ల కిందట, తుఫాను వచ్చిన ఏడు, పెళ్లయి రెండేళ్లు కాని భార్యను వదిలేసి, సుసాకి సానివాడలోని ఒక అమ్మాయితో యొకొహామాకి పారిపోయాడని. ఆ భార్య సోనో వంతెన పక్కన గుల్లల మాంసం వేసి వండిన అన్నం అమ్ముకుంటూ ఇప్పటికీ అక్కడే ఉంది.

"పారిపోలేదు కదూ," అంది షిగె.

 మగోహెయి మాట్లాడినప్పుడు గొంతు చాపలోంచి వచ్చినట్టుంది.

"ఆ తుఫాను రోజు నేను జ్వరంతో ఇంట్లో పడుకున్నానని అందరికీ చెప్పాను. పడుకోలేదు. నీరు పెరిగిపోతోంది. తెప్పలు తాళ్లు తెంచుకుంటున్నాయి. కట్టేద్దాం రమ్మని వాడే నన్ను లేపాడు. ఇద్దరమే వెళ్లాం. వాడు జారాడు. రెండు దుంగల మధ్య పడ్డాడు. నేను గడకర్ర చాచాను. పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడమ్మాయ్. నేనూ జారుతున్నాను. నా పాదాల కింద దుంగ తిరుగుతోంది."

ఆగాడు.

"కర్ర వదిలేశాను."

షిగె తలుపులోంచి కాలువ వైపు చూసింది.

"దుంగలు మూసుకున్నాయి. తర్వాత అన్నీ కలిసి సముద్రంలోకి వెళ్లిపోయాయి. ఒక్క శవం కూడా దొరకని రోజు అది. మర్నాడు అందరూ వాడేడీ అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. రెండు రోజులైంది. మూడో రోజు ఎవరో అన్నారు, 'సుసాకి వైపు తిరుగుతుండేవాడు కదా' అని. నేను 'అవును, ఆ పిల్లతో యొకొహామా పోతానని అన్నాడు నాతో' అన్నాను. అదొక్క మాట. ఆ తర్వాత నేనేమీ అనక్కర్లేకపోయింది. ఊరే మిగతాదంతా అల్లుకుంది."

యసోజి వేళ్లు చేప తల మీదికి వెళ్లాయి. కన్ను లేని చోట ఆగాయి.

"ఇప్పుడు నీ తమ్ముడు గుడ్డివాడు," అన్నాడు నెమ్మదిగా. "గుడ్డివాడి సంగతి నాకు తెలుసు. ఇల్లు ఎటో తెలీక తడుముకుంటూ ఉంటాడు. నీ మీద కసితో తిరగడం లేదు మగోహెయీ. దారి వెతుక్కుంటున్నాడు. కన్ను పెట్టమ్మా దీనికి."

"పెడితే ఆగుతుందా?" అన్నాడు మగోహెయి.

"నాకేం తెలుసు. ఇలాంటిది నేను మాత్రం ఎప్పుడు చూశాను."

షిగె సూదుల పెట్టె ముట్టుకోలేదు. "ముందు సోనో పిన్నికి చెప్పాలి. చెప్పాకే పెడతాను."

"చెప్పలేను."

"అయితే చొక్కా వేసుకుని వెళ్లిపో బాబాయ్. నేను మళ్లీ ముట్టుకోను."

అతను వెళ్లలేదు. లేవనూ లేదు. చాలాసేపటికి, "దాన్ని ఇక్కడికే తీసుకురా," అన్నాడు. "మొహం చూస్తూ చెప్పడం నా వల్ల కాదు. నేను ఇలాగే పడుకుంటాను. వీపు చూస్తూ వినమను."

మర్నాడు ఉదయం అన్నం అమ్మకం అయిపోయాక సోనో వచ్చింది. నడుముకి కట్టుకున్న గుడ్డ మీద గుల్లల వాసన. పొట్టి మనిషి, జుట్టు సగం నెరిసింది, చేతులు మాత్రం మగవాడి చేతుల్లా ఉన్నాయి. బోర్లా పడుకున్న మగోహెయిని చూసి షిగె వైపు తిరిగింది.

"బావగారి వీపు చూడమని పిలిచావా నన్ను? రోజూ నా దుకాణంలో కూర్చుని రెండు గిన్నెలు తింటాడు, నేను చూసే మొహమే చాలు."

"కూర్చో పిన్నీ," అంది షిగె.

మగోహెయి చెప్పాడు. నిన్న చెప్పినట్టే, అదే వరసలో, ఏదీ తగ్గించకుండా. చెబుతున్నంతసేపూ సోనో కదలలేదు. అయిపోయాక ఏడవలేదు. అడగడం మొదలుపెట్టింది.

"ఏ చొక్కా వేసుకున్నాడు?"

"నీలంది. మోచేతి దగ్గర నువ్వు మాసిక వేసింది."

"పొద్దున నేను పెట్టింది తిన్నాడా?"

"తినలేదు. వచ్చి తింటానన్నాడు."

"కర్ర పట్టుకున్నప్పుడు ఏమన్నా అన్నాడా?"

 "'అన్నా' అన్నాడు. అంతే."

సోనో తల ఊపింది, సరుకు లెక్క సరిపోయినట్టు.

"యుద్ధంలో ఊరంతా కాలిపోయినప్పుడు," అంది, "మా అక్క నన్ను చిబాకి రమ్మంది. వెళ్లలేదు. అదే జాగాలో మళ్లీ రేకులు నిలబెట్టుకున్నాను. ఎందుకో తెలుసా బావగారూ? తిరిగొస్తే ఇల్లు కనపడాలని. ప్రేమతో కాదు. వచ్చినవాణ్ని గుమ్మంలో నిలబెట్టి తిట్టాలని. రోజుకొక తిట్టు దాచుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ల తిట్లున్నాయి నా దగ్గర. ఒక్క అగరుబత్తి వెలిగించలేదు ఆయనకి. ఇప్పుడవన్నీ ఏం చేసుకోను నేను?"

"నన్ను తిట్టు."

"నువ్వెవరు? నీకు దాచుకున్నవి కావవి."

ఆమె ముందుకు జరిగి వీపు మీదికి వంగింది. నీటిని, బండను, కన్ను లేకుండా కిందికి దిగే చేపను చూసింది. తోక దగ్గర ఆమె చూపు ఆగింది. గుల్లలు వొలిచి వొలిచి మొరటుబారిన బొటనవేలితో ఆ కొక్కెం గీతను తాకింది.

"ఈ గీత పడ్డ రోజు వాకిట్లోంచి పిలిచింది నేనే," అంది. "చల్లారిపోతోంది తినడానికి రమ్మని పిలిచాను. మేస్త్రి గారు లోపల్నుంచి కేకలేశారు నా మీద. నెల రోజుల పాటు స్నానం చేయించినప్పుడల్లా ఈ గీతే రుద్దేదాన్ని, పోతుందేమోనని."

గోడ పక్కన కూర్చున్న యసోజి తల వంచుకున్నాడు.

"కన్ను పెట్టు షిగే," అంది సోనో. "నేను ఇక్కడే ఉంటాను."

షిగె మసి నూరింది. అలవాటైన పని. సన్న సూదుల కట్ట తీసుకుని కన్ను అంచు గుండ్రంగా మొదలుపెట్టింది. మొదటి పోటుకే ఆమెకు తెలిసిపోయింది. వేలి కింద ఉన్నది మనిషి చర్మం కాదు. అంతా మగోహెయి వీపే, వెచ్చగా, చెమటగా. ఆ నాణెమంత చోటు మాత్రం చల్లగా, బిగుతుగా, జారుగా ఉంది, అప్పుడే నీళ్లలోంచి తీసిన చేప ఒళ్లులా. సూది దిగిన చోట రక్తం రాలేదు. నీరు వచ్చింది. చిన్న బొట్లుగా, తేటగా. గుడ్డతో తుడిచింది. గుడ్డ దేవదారు బెరడు వాసన వేసింది.

చెయ్యి ఆపకూడదని ఆమెకు తోచింది. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని. పొడుస్తూ పోయింది. తుడుస్తూ పోయింది. సోనో పక్కనే ఉన్న గిన్నెలో గుడ్డ పిండి మళ్లీ అందిస్తూ ఉంది. పెద్ద చేపను కోసేటప్పుడు ఒకరికొకరు సాయం చేసుకునే ఆడవాళ్లలా ఇద్దరూ మాట్లాడకుండా పని చేశారు. గిన్నె నిండింది. సోనో వెళ్లి కాలువలో పారబోసి వచ్చింది. మళ్లీ నిండింది.

చివర్లో నల్లగుడ్డు నింపింది. మధ్యలో వెలుగు కోసం సూదిమొనంత చోటు వదిలింది.

మగోహెయి ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాడు, నీళ్లలోంచి పైకొచ్చినవాడిలా. "ఎవరో లేచారు," అన్నాడు. "నా వీపు మీద కూర్చున్నవాళ్లెవరో లేచారు."

షిగె సూది తీసేసింది. కన్ను చుట్టూ చర్మం నెమ్మదిగా వెచ్చబడింది. ఎర్రబడింది. ఇప్పుడు రక్తం వచ్చింది, మామూలుగా, ఒక్క చుక్క.

సోనో ఆ కన్ను వైపు చూస్తూ కూర్చుంది. చాలాసేపటి తర్వాత చాలా మెల్లగా, ఇంట్లో మాట్లాడుకునే గొంతుతో అంది:

"ఇంత ఆలస్యమా?"

దాచుకున్నవాటిలో అది మొదటిదో ఆఖరిదో షిగెకి తెలియలేదు. సోనో లేచి నడుము గుడ్డ సర్దుకుని వెళ్లిపోయింది.

ఆమె మగోహెయిని క్షమించలేదు. పదిరోజుల్లో గుడిలో కుమాజోకి కర్మ జరిపించింది. దుంగలవాళ్లందర్నీ పిలిచింది. అగరుబత్తి వెలిగించే ముందు బావగారిని అందరి ముందూ నిలబెట్టి ఆ కథ మళ్లీ చెప్పించింది, కర్ర సంగతి, యొకొహామా సంగతి. మగోహెయి చెప్పాడు. తడబడకుండానే చెప్పాడు. విన్నవాళ్లు ఒక్కరూ అతని వైపు చూడలేదు. గోంజి మాత్రం బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు, ఏడుస్తూ. కుమాజో, అతనూ ఒకే ఈడువాళ్లు. పారిపోయినవాడని ఇన్నేళ్లూ అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు అతనే.

ఆ తర్వాత స్నానశాలలో మగోహెయి తొట్టెలోకి దిగితే మిగతావాళ్లు లేచి బయటికి వచ్చేసేవాళ్లు. పేచీ లేదు, తిట్టు లేదు. ఊరికే లేచేవాళ్లు. గుల్లల అన్నం దుకాణంలో అతనికి గిన్నె పెట్టేవాళ్లు కాదు. అతను కూడా అడగలేదు. వంతెన మీద నిలబడి దుకాణం తెర కిందికి దించేదాకా చూసి వెళ్లేవాడు. నెలకొకసారి షిగె దగ్గరికి వచ్చి చొక్కా విప్పేవాడు. ఆమె పాత కాగితం తీయలేదు, ఇక కొలవక్కర్లేదు. చేప దిగువకు తల పెట్టి, కన్ను తెరుచుకుని, ఎక్కడుందో అక్కడే ఉండేది.

"నొప్పిగా ఉందా బాబాయ్?"

"లేదు. తేలిగ్గా ఉంది. భయంగా ఉంది, ఇంత తేలిగ్గా ఉంటే."

ఫిబ్రవరిలో, మంచు పడిన వారం, అతనికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. నాలుగు రోజుల్లో పోయాడు. అంతే. భార్యాపిల్లలు లేని మనిషి. ఒంటికి స్నానం చేయించేవాళ్లెవరని వీధివాళ్లు గుసగుసలాడుతుంటే సోనో వేణ్నీళ్ల బిందె పట్టుకుని తనే వచ్చింది. దారిలో షిగె ఇంటి తలుపు తట్టింది.

"నువ్వూ రా. ఆ వీపు నీకు తెలుసు."

పగలే అయినా గది చీకటిగా ఉంది. సోనో కిటికీ తెరిచింది. మంచు మీంచి వచ్చిన తెల్లటి వెలుతురు లోపలికి పడింది. ముందు మొహం, ఛాతీ, చేతులు కడిగారు. తర్వాత ఇద్దరూ కలిసి అతన్ని పక్కకు తిప్పారు.

జలపాతం ఉంది. బండ ఉంది. గాలి చారలు, ఆకులు, అలల కొసలు, అన్నీ ఉన్నాయి. చేప లేదు. చేప ఉన్న చోట నీరు ఆగకుండా పారుతోంది. గీతకి గీత కలిసి, ఎక్కడా అతుకు లేకుండా, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు. షిగె వేలితో తడిమింది. మచ్చ లేదు. చర్మం నున్నగా, చల్లగా ఉంది. చచ్చిపోయిన మనిషి చర్మం ఎలా ఉండాలో అలాగే ఉంది.

ఆమె సోనో వైపు చూసింది. సోనో గుడ్డ తడిపి ఆ చోటు కడిగింది, మిగతా వీపు కడిగినట్టే, ఎక్కువ కాదు, తక్కువ కాదు. తర్వాత గిన్నె ముందుకు తోసింది.

"నీళ్లు చల్లారిపోయాయి. వేడివి పొయ్యి."

దహనం అయిపోయాక సోనో దుకాణం ఎత్తేసింది. కాలువలు పూడ్చేస్తారని, కలప వ్యాపారమంతా సముద్రం ఒడ్డుకి పోతుందని అప్పటికే అంటున్నారు. అందుకే వెళ్లిపోతోందని ఊరు అనుకుంది. వసంతం రాకముందే చిబాలో అక్క కూతురి ఇంటికి చేరింది. వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదని వంతెన మీద నిలబడినవాళ్లు చెప్పారు.

షిగె ఆ తర్వాత ఇరవై ఏళ్లు పని చేసింది. పులులు, పియొనీ పువ్వులు, కొమ్ముల దెయ్యం ముఖాలు, మేఘాల్లో చుట్టుకున్న డ్రాగన్లు ఎన్నో పొడిచింది. ఎవరేది అడిగినా మారుమాట లేకుండా మసి నూరేది. చేప కావాలన్నవాళ్లని మాత్రం ముందు కూర్చోబెట్టి టీ ఇచ్చి అడిగేది, ఎక్కేదా, దిగేదా అని కాదు, మీ ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు లేరు, లేనివాళ్లు ఎలా లేకుండా పోయారు అని. చాలామంది నవ్వుతూ చెప్పేవాళ్లు. ఒక శరత్కాలం మధ్యాహ్నం ఒకతను, మంచి బట్టలు వేసుకున్న నడివయసు మనిషి, ఆ ప్రశ్న విని టీ గిన్నె కింద పెట్టాడు. ఏమీ చెప్పకుండా లేచి, చెప్పులు వేసుకుని, వానలో వెళ్లిపోయాడు. షిగె అతన్ని వెనక్కి పిలవలేదు.